పక్కన నిలబడ్డ మనిషి

టైలరు మొహం ఎవరికీ గుర్తుండేది కాదు.

అలాగని అందవికారమేమీ కాదు. కళ్ళూ ముక్కూ నోరూ ఎక్కడుండాలో అక్కడ, ఎంతుండాలో అంతే ఉండేవి. పొడుగనీ అనలేం, పొట్టి అనీ అనలేం. నలుపా తెలుపా అని అడిగితే చెప్పబోయేవాడు కాసేపు ఆగాల్సిందే. పెళ్ళైన కొత్తలో అత్తగారింటికి వెళ్తే వాకిట్లో కూర్చున్న పెదమామగారు "ఎవరి కోసం వచ్చావు బాబూ?" అని అడిగాడు. మర్నాడు పొద్దున పళ్ళు తోముకుంటుంటే మళ్ళీ అడిగాడు. టైలరు భార్య ఈ ముచ్చట చెప్పి చెప్పి నవ్వేది గానీ, ఆమె మాత్రం తక్కువ తినలేదు. ఒకసారి కూరగాయల బజారులో జనం తోసుకుంటుంటే మొగుడనుకుని ఎవరిదో చెయ్యి పట్టుకుని, "ఇక్కడ బాగాలేవు, అవతలికి పదండి" అంటూ నాలుగు దుకాణాలు దాటించుకుపోయింది. ఆ పెద్దమనిషి కూడా నోరెత్తకుండా వెనకాలే వెళ్ళాడట. టైలరు ఎక్కడివాడక్కడ నిలబడి, ఆమె నాలిక కరుచుకుని వెనక్కి వచ్చేదాకా సంచీ పట్టుకుని చూస్తూ ఉన్నాడు.

రోజూ ఎవరో ఒకరు "మిమ్మల్ని ఎక్కడో చూశానండీ" అనేవారు. "చూసే ఉంటారు, నేను అక్కడే ఉంటాను" అనేవాడు ఆయన. అందుకే వీధిలో పోలికాయన అని పేరు పడింది.

ఆయన కొట్టు జైలు పక్కగేటుకు సరిగ్గా ఎదురుగా ఉండేది. ముందు గది కొట్టు, వెనక గది ఇల్లు, మధ్యలో పాత చీర తెర. కిటికీ పక్కన కుట్టుమిషను. గోడకు కొట్టిన మేకుకి టేపు. బొత్తాలన్నీ రేకు డబ్బా మూతల్లో, రంగుకో మూత. వచ్చే పని కూడా ఆ గేటును బట్టే వచ్చేది. వార్డర్ల యూనిఫారాలు వదులు చెయ్యడం, బిగించడం. లాయర్ల నల్లకోట్లకు అరిగిన కాలర్లు తిప్పి కుట్టడం. లోపలున్నవాళ్ళను చూడ్డానికి వచ్చి, తోపులాటలో చొక్కా చిరిగిన వాళ్ళకు అక్కడికక్కడ కుట్టేసి పంపడం.

ఒకరోజు మధ్యాహ్నం జైలు గార్డు రోడ్డు దాటి వచ్చాడు. లోపలికి మేజిస్ట్రేటుగారు వచ్చారనీ, ఒక ముద్దాయి పక్కన నిలబడటానికి మామూలు మనుషులు కావాలనీ చెప్పాడు. "మామూలు మనిషి అనగానే నువ్వే గుర్తొచ్చావు" అన్నాడు.

"పోన్లెండి, మీ మొహం ఒకరికైనా గుర్తొచ్చింది" అంది భార్య తెర వెనకనించి.

దాన్ని కాగితాల్లో గుర్తింపు పరేడ్ అంటారు. వీధిలో వాళ్ళు 'వరస' అనేవాళ్ళు. నేరం జరిగినప్పుడు కళ్ళారా చూసిన సాక్షి ఉంటే, పోలీసులు పట్టుకొచ్చిన మనిషిని అతనిలాంటి మరికొందరి మధ్య నిలబెట్టి, వీళ్ళలో ఎవరో చూపించమంటారు. జరిపించేది మేజిస్ట్రేటు. పోలీసులు ఆ ఛాయలకు రాకూడదు. ముద్దాయిని సాక్షి ముందే చూసెయ్యకుండా మొహానికి ముసుగు వేసి తీసుకురావాలి. వరసలో ఎక్కడ నిలబడతానంటే అక్కడ నిలబడనివ్వాలి. చొక్కా మార్చుకుంటానంటే మార్చుకోనివ్వాలి. ఇవన్నీ ఆమెకు తర్వాత తర్వాత, ఆయన అన్నం తింటూ ఒక్కొక్కటే చెప్పగా తెలిశాయి.

ఆ మొదటిసారి మాత్రం ఆయన సినిమా చూసొచ్చినట్టు చెప్పాడు. తనూ, టీకొట్టు ఆయనా, సైకిల్‌షాపు ఆయనా, ఇంకొందరూ గోడవారన నిలబడ్డారు. నవ్వాపుకోలేక టీకొట్టు ఆయన దగ్గు నటించాడు. సాక్షి ఒక కిరాణాకొట్టు ఆవిడ. ఆమె కొట్టులోకి దూరి గల్లాపెట్టె ఎత్తుకుపోయారు. ఆవిడ వచ్చి, వరసను ఒక చూపు చూసి, తిన్నగా టైలరు పక్కవాడి దగ్గరికి వెళ్ళి వేలు పెట్టి చూపించింది. అంతే. అందరూ బయటికొచ్చి టీ తాగారు. ఆయన సగంలో ఆపిన చొక్కా చెయ్యి మళ్ళీ మిషను కిందికి తోశాడు.

ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడిచాయి. ఒకరోజు బక్కపల్చటి మనిషొకడు ప్యాంటు పట్టుకుని కొట్టులోకి వచ్చాడు. గోడలకు సున్నం వేసే పని అతనిది. గోళ్ళ సందుల్లో తెల్లగా ఉంది. నడుం దగ్గర లోపలికి పట్టమన్నాడు. టైలరు టేపు పెట్టి కొలిచి, ఇదేమిటి, ఇంత చిక్కిపోయారేమిటి, జ్వరమేమన్నా వచ్చిందా అని అడిగాడు. ఆమె గుమ్మంలో కూర్చుని బొత్తాలు వేరుచేస్తోంది.

"నన్ను గుర్తుపట్టలేదా అన్నా?" అన్నాడు అతను. "నీ మొహం నాకు బాగా గుర్తు. ఆ రోజు నా పక్కన నిలబడ్డావు."

అసలు దొంగ వేరే ఊళ్ళో ఇంకో దొంగతనంలో పట్టుబడి, కిరాణాకొట్టు సంగతీ ఒప్పుకున్నాడట. ఇతన్ని వదిలేశారు. ఆవిడ మీద అతనికి కోపమేమీ లేనట్టే మాట్లాడాడు.

"ఆవిడ తప్పేముందిలే. మీరంతా చెప్పులేసుకున్నారు. నవ్వుకుంటున్నారు. నా చెప్పులు స్టేషన్‌లోనే ఉండిపోయాయి. మీలో ఎవడు దొంగంటే నన్ను నేనే చూపించుకునేవాణ్ణి."

ఆమె చేతిలో బొత్తం అలాగే ఉండిపోయింది. టైలరు చేతిలో పని పక్కనపెట్టి ఆ ప్యాంటు అప్పటికప్పుడు కుట్టి ఇచ్చాడు. అతను వెళ్ళిపోయాక గుమ్మం దగ్గర విడిచిన తన చెప్పుల జత వంక చూస్తూ కూర్చున్నాడు. అన్నానికి పిలిస్తే రాలేదు. "మీరేం చేశారండీ, మిమ్మల్ని నిలబడమన్నారు, నిలబడ్డారు" అంది ఆమె.

"సరిగ్గా నిలబడలేదు" అన్నాడు.

ఆ తర్వాత ఆయన చేసిన మొదటి పని, బజారులో ఎవరూ కొనక మూలపడి ఉన్న బూడిదరంగు గుడ్డ తానొకటి తెచ్చి, చొక్కాలు కుట్టడం. అన్నీ ఒకే కోత, ఒకే కాలరు, ఒకే బొత్తాలు. కొంచెం లావాటి వాళ్ళకు పట్టేట్టు కొన్ని, బక్కవాళ్ళకు కొన్ని. ఆమె సంగతి తెలియక, మనింట్లో బ్యాండుమేళమేమన్నా పెడుతున్నారా అని అడిగింది. అవి వరసకు అన్నాడు. ముద్దాయికి కూడా ఒకటి. చూసేవాళ్ళ కంటికి గుడ్డ అడ్డం రాకూడదు, మొహమొక్కటే కనబడాలి.

రెండో పని, నిలబడేవాళ్ళను కూర్చోబెట్టి చెప్పడం. ఇది చొక్కాలు కుట్టినంత తేలిక కాలేదు. టీకొట్టు ఆయన, సైకిల్‌షాపు ఆయన, ఇస్త్రీబండి ఆయన, రిక్షా లాగే ఇద్దరు. అందరినీ కొట్టు ముందు బల్ల మీద కూర్చోబెట్టి, గేటు దాటగానే చెప్పులు విప్పాలన్నాడు. దానికి ఒప్పుకున్నారు. నవ్వకూడదన్నాడు. అది మాత్రం వాళ్ళ వల్ల కాలేదు. నవ్వొద్దనేసరికి నవ్వు ఇంకా తన్నుకొచ్చేది. పైగా ఎంత బిగబట్టుకున్నా, మాకేం, కాసేపట్లో ఇంటికెళ్ళిపోతాం అన్న ధీమా మొహం మీద తెలిసిపోయేది. ముద్దాయి ఒక్కడే పాలిపోయి ఉండేవాడు.

టైలరు కొన్నాళ్ళు దాని గురించే ఆలోచించాడు. చివరికి ఒక ఉపాయం చెప్పాడు. ఒక్కొక్కళ్ళూ తాము చేసి, ఎవరికీ చెప్పకుండా దాచుకున్న పని ఒకటుంటుంది కదా, నిలబడ్డంతసేపూ దాన్నే తలుచుకోండి అన్నాడు. బల్ల మీద వాళ్ళంతా ఒక్కసారిగా గప్‌చిప్ అయిపోయారు. ఎవరి మొహం వాళ్ళు దించుకున్నారు. ఆమె తెర పక్కకి తీసి చూసి అదిరిపడింది. ఇంటి ముందు దొంగలముఠా కూర్చున్నట్టే ఉంది.

ఆ ఉపాయం ఎంత బాగా పనిచేసిందంటే, తర్వాతి వరసలో సాక్షి వచ్చి టీకొట్టు ఆయన్ను పట్టుకున్నాడు. పాపం, ఆయన మొహం కత్తి వాటుకు నెత్తురు చుక్క లేకుండా పోయింది. మేజిస్ట్రేటు వైపు తిరిగి, "అయ్యా, నేను టీ అమ్ముకునేవాణ్ణండీ, ఇందాక తమరు తాగింది నా టీయేనండీ" అన్నాడు. మేజిస్ట్రేటు గ్లాసు కింద పెట్టి, రాసుకోవలసింది రాసుకున్నాడు. ఆ వేళ టీకొట్టు ఆయన ఏం తలుచుకున్నాడో కనుక్కోవాలని ఆయన భార్య బతికున్నంతకాలం తంటాలు పడింది. ఆయన చెప్పలేదు. "వదినా, నీ మొగుడు నా కాపురంలో చిచ్చుపెట్టాడు" అనేవాడు టైలరు భార్యతో, టీ ఇస్తూ.

అందరికీ ఇదేమీ నచ్చలేదు. ఒక ఎస్సై యూనిఫారం బిగించుకోవడానికి వచ్చి, నువ్వు దొంగలకు కొమ్ముకాస్తున్నావట కదా అని అడిగాడు. టైలరు నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఉన్నాడు. ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టి, "దొంగెవరో ముందే తేలిపోతే ఇంక మమ్మల్ని పిలవడం ఎందుకండీ?" అన్నాడు. ఎస్సై అద్దంలో తన నడుం చూసుకున్నాడు తప్ప మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

తర్వాత బదిలీ మీద వచ్చిన మేజిస్ట్రేటు ఒక ఆవిడ. చాలా నిదానస్తురాలు. ముద్దాయి బుగ్గ మీద పుట్టుమచ్చ ఉంటే వరసలో అందరి బుగ్గలకూ అక్కడే పట్టీ అతికించేది. ప్రతిసారీ సాక్షి రాకముందు, నిలబడ్డవాళ్ళతో ఒకే మాట చెప్పేదట. టైలరు దాన్ని ఇంటికి తెచ్చి భార్యకు ఎన్నిసార్లు చెప్పాడో. "ఇతను చేశాడని ఇంకా ఎవరూ తేల్చలేదు. తేలేదాకా ఇతను మీలో ఒకడు. అది నేను నోటితో చెబితే చాలదు, చూస్తే అలా కనబడాలి. అందుకే మీరు." ఈ మాట చెప్పేటప్పుడు ఆయన ఆ కనబడని మొహంలోనే ఏదో వెలుగు వచ్చేది. ఆమె దానికోసమే చెప్పనిచ్చేది. కూర చల్లారిపోతున్నా ఊరుకునేది.

ఎవరూ మెచ్చుకునే పని కాదు అది. సాక్షి సరిగ్గా చూపిస్తే పోలీసులకు పేరు. చూపించలేకపోతే లాయరుకు పేరు. గోడవారన కాళ్ళు మండుతున్నా కదలకుండా నిలబడ్డవాణ్ణి ఎవరు చూస్తారు? చూడకుండా ఉండటమే ఆ పనిలో గొప్ప. ఎవరి పక్కన నిలబడ్డాడో ఆయన ఏనాడూ అడగలేదు. చంపినవాడి పక్కన నిలబడ్డాడో, పాపం ఎరగనివాడి పక్కన నిలబడ్డాడో తెలియదు. ఇద్దరి పక్కనా ఒకేలా నిలబడ్డాడు. సున్నాలతను మాత్రం ఏటా ఒకరోజు చెప్పాపెట్టకుండా బకెట్టూ కుంచెతో వచ్చి, కొట్టు గోడలకు సున్నం వేసి వెళ్ళేవాడు. జైలు గేటు వైపు పొరపాటున కూడా చూసేవాడు కాదు.

ఇలా సాగుతున్న రోజుల్లో ఆమె తమ్ముణ్ణి కొట్టారు.

ఆ తమ్ముడు గోదాములో వాచ్‌మన్. చీకటిపడే వేళ తాళం బద్దలుకొడుతున్న ఒకణ్ణి పట్టుకోబోతే వాడు ఇనపరాడ్డుతో కుడిచెయ్యి విరగ్గొట్టి పారిపోయాడు. ఎముకలు అతుక్కున్నాయి గానీ వేళ్ళు ముడుచుకోవడం మానేశాయి. ఆస్పత్రి నుంచి తిన్నగా అక్క ఇంటికే వచ్చాడు. ఆమె చిన్నప్పుడు ఎత్తుకు తిప్పిన తమ్ముడు. మళ్ళీ అన్నం కలిపి ముద్దలు పెట్టింది. "అక్కా, గడ్డం వచ్చాక కూడా బువ్వ తింటున్నాను చూడు" అని వాడు నవ్వేవాడు. ఆమె పళ్ళెం కడిగే నెపంతో పెరట్లోకి వెళ్ళి ఏడ్చేది. టైలరు వాడి చొక్కాలన్నిటికీ బొత్తాలు తీసేసి, ఎడంచేత్తో ఒక్క లాగుతో పడే హుక్కులు కుట్టాడు.

కొన్నాళ్ళకు మార్కెట్టులో మూటలు మోసే ఒకణ్ణి పోలీసులు పట్టుకున్నారు. తమ్ముడు వచ్చి వరసలో చూడాలన్నారు. కబురు చెప్పడానికి వచ్చిన కానిస్టేబులు వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, వాడి ఎడమ కనుబొమ మీద గాటుంటుంది, చూసుకో అని తమ్ముడి చెవిన వేసి వెళ్ళాడు. టైలరు అప్పుడు కొట్టులో లేడు. ఆమె ఉంది. విన్నది. మనసులోనే ఆ కానిస్టేబులుకు చేతులెత్తి దణ్ణం పెట్టుకుంది.

ఆ సాయంత్రం టైలరు చొక్కాలున్న పెట్టె దించబోతే ఆమె అడ్డం వచ్చింది.

"ఈ ఒక్కసారికి వాటిని పెట్టెలోనే ఉండనివ్వండి."

ఆయన ఆమె వైపు తిరిగాడు.

"ఊళ్ళో వాళ్ళందరికీ న్యాయం చేశారు. నేనేమన్నా అన్నానా? ఉతికాను, ఇస్త్రీ చేశాను. నా తమ్ముడి చెయ్యి చూశారుగా. వాడు అన్నం ముద్ద ఎత్తుకోలేడు. మీరు వెళ్ళొద్దు, చొక్కాలూ వెళ్ళొద్దు. నేను మిమ్మల్ని అడిగిందేమన్నా ఉందా ఇన్నేళ్ళలో?"

నిజంగానే లేదు. ఆయన పెట్టె మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాడు. నేనెలాగూ వెళ్ళకూడదు, బావమరిది నన్ను ఎరుగును కదా అన్నాడు. మేజిస్ట్రేటమ్మతో చెప్పి తప్పుకుంటానన్నాడు. ఆమె ఊపిరి పీల్చుకుంది. కానీ చొక్కాల సంగతి కూడా ఆవిడనే అడుగుతానన్నాడు.

"అడక్కపోతే?"

"అడక్కపోతే, వాడే చేశాడని నేను తేల్చేసినట్టే కదా. నేనెవర్ని?"

మర్నాడు గేటు దగ్గర మేజిస్ట్రేటమ్మ కారు ఆగగానే వెళ్ళి చేతులు కట్టుకుని చెప్పాడు. చెప్పి మంచిపని చేశారు, మీరు లోపలికి రావద్దు అందావిడ. మరి చొక్కాలండీ అన్నాడు. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, "చొక్కాలకు చుట్టరికం లేదుగా, పంపండి" అంది.

ఆయన వాటిని టీకొట్టు ఆయన చేతుల్లో పెట్టాడు. చెప్పులు విప్పడం మర్చిపోకండి అని మాత్రం అన్నాడు. అంతా కిటికీలోంచి చూస్తోంది ఆమె. తమ్ముడు గార్డు వెంట గేటులోకి వెళ్ళాడు. టైలరు వచ్చి మిషను ముందు కూర్చున్నాడు. తొక్కలేదు. ఆమె ఆయనకు వీపు తిప్పి, ఇస్త్రీ చేసిన గుడ్డకే మళ్ళీ ఇస్త్రీ చేస్తూ నిలబడింది. లోపల ఏం జరుగుతోందో ఇద్దరికీ కళ్ళకు కట్టినట్టు తెలుసు.

తమ్ముడు బయటికి వచ్చి బల్ల మీద కూలబడ్డాడు. చూపించావా అని అడిగింది ఆమె. లేదన్నాడు.

ఆ తర్వాత వాడు చెప్పింది ఇది. కనుబొమ మీద గాటు వెతుకుదామని వెళ్ళాడు. చూస్తే వరసలో ప్రతివాడి ఎడమ కనుబొమ మీదా పట్టీ ఉంది. అందరివీ బూడిదరంగు చొక్కాలు. అందరూ వట్టికాళ్ళతో, ఏదో చెయ్యరాని పని చేసినట్టు నిలబడి ఉన్నారు. టీకొట్టు ఆయన్ను, సైకిల్‌షాపు ఆయన్ను తమ్ముడు ఎరుగునని ముందే తప్పించి, ఎలా నిలబడాలో చెప్పి కొత్తవాళ్ళను నిలబెట్టారు. వెళ్ళినవాడు వెళ్ళినట్టే ఆగిపోయాడు. ఒకసారి ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచాడు. మళ్ళీ వెనక్కి నడిచాడు.

"గాటు కనిపించకపోయేసరికి, ఇక వాణ్ణే గుర్తుచేసుకోవలసి వచ్చింది అక్కా. ఆ సాయంత్రం నేను చూసిన మొహాన్ని. ఈ గాటు మాట విన్న దగ్గర్నుంచీ అసలు మొహం తలుచుకోవడమే మానేశాను. గాటునే తలుచుకుంటున్నాను. ఆ రోజు నేను ఏ గాటూ చూడలేదు."

"అయితే?"

"అయితే ఏముంది. వీళ్ళలో ఉన్నాడని చెప్పలేను అన్నాను. గాటు సంగతి నాకెవరు చెప్పారో అది కూడా చెప్పేశాను. ఆవిడ రాసుకుంది."

ఆమె వాడి వంక చూసింది, మొగుడి వంక చూసింది. ఇస్త్రీపెట్టె నిలబెట్టి తెర అవతలికి వెళ్ళిపోయింది.

మూటలు మోసేవాడి మీద వేరే సాక్ష్యమేదీ లేక కొన్నాళ్ళకు కేసు కొట్టేశారు. చెవిలో మాట వేసిన కానిస్టేబులును ఎక్కడికో బదిలీ చేశారు. తమ్ముణ్ణి కొట్టినవాడు ఎవరో చివరిదాకా తేలలేదు. ఆమె మొగుడికి వడ్డించేది, మాట్లాడేది కాదు. ఏమన్నా చెప్పాలంటే తమ్ముడికి చెప్పేది, పక్కనే ఉన్న ఆయన వినేట్టు. "మీ బావని స్నానానికి లెమ్మను." ఆయన లేచేవాడు. తనను తాను సమర్థించుకోలేదు. నేను చేసింది ఒప్పే అని ఒక్కసారి కూడా అనలేదు. అలా అని ఉంటే ఆమెకు పోట్లాడటానికి ఒక సందు దొరికేది.

ఒకనాడు ఆమే ఉండబట్టలేక, "వాడే అయ్యుంటే?" అంది, తిన్నగా ఆయన మొహంలోకి చూస్తూ.

"అయ్యుండొచ్చు" అన్నాడు ఆయన. "నాకూ తెలీదు. రోజూ అదే అనుకుంటున్నాను."

అప్పుడు చూసింది ఆమె. ఆయన కూడా సరిగ్గా తినడం లేదు. ఆ చొక్కాలు పంపి గుండెల మీద చెయ్యి వేసుకుని నిద్రపోయాడనుకుంది ఇన్నాళ్ళూ. ఆయనా తమ్ముడి చెయ్యి చూస్తూనే ఉన్నాడు, ఆ హుక్కులు కుడుతూనే ఉన్నాడు. తెలియని దాన్ని తెలుసనుకోకుండా ఉండటానికి ఇంత బరువు మొయ్యాలా అనిపించింది ఆమెకు. అంత బరువు తను మొయ్యలేదు. ఈ మనిషి ఎవరికీ కనబడకుండా మోస్తున్నాడు.

ఆమె ఆయన కంచంలో ఇంకొంచెం అన్నం పెట్టింది. మళ్ళీ గార్డు రోడ్డు దాటి వచ్చినప్పుడు పెట్టె తనే దించింది. నలిగిన కాలరొకటి కనబడితే, ఉండండి అని దాన్ని మళ్ళీ ఇస్త్రీ చేసి ఇచ్చింది.

తమ్ముడు ఎడంచేత్తో తాళాలు తియ్యడం, ముద్ద కలుపుకోవడం నేర్చుకున్నాడు. గోదాములోనే గేటు పని ఇచ్చారు. బావను చూడ్డానికి వచ్చినప్పుడల్లా బల్ల మీద ఆయన పక్కన కూర్చునేవాడు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు టైలరు వరసలో నిలబడ్డాడు. జుట్టు నెరిశాక కుర్రాళ్ళ కేసులకు పిలవడం మానేశారు. ముసలి ముద్దాయిలు తక్కువ. ఎప్పుడైనా ఒకడు వస్తే, "నీ వయసువాడు దొరికాడయ్యా" అని గార్డు శుభవార్తలా చెప్పేవాడు. చొక్కాలు పాతబడితే అదే రంగు గుడ్డ వెతికి తెచ్చి మళ్ళీ కుట్టాడు.

ఆయన ఒక మధ్యాహ్నం మిషను మీద తల వాల్చి పడుకున్నాడు. ఆమె కునుకు తీస్తున్నారేమోననుకుని మిషను చప్పుడు లేని ఇంట్లో తనూ కాసేపు నడుం వాల్చింది. లేచి టీ పట్టుకొచ్చేసరికి ఆయన ప్రాణంతో లేడు.

ఊరి జనం చాలామంది వచ్చారు. వచ్చినవాళ్ళలో సగం మంది ఆయన మొహం చూసి, ఈయన్ను ఎక్కడో చూశాం అనుకున్నారు. టీకొట్టు ఆయన కర్ర పట్టుకుని వచ్చి, గుమ్మంలో చెప్పులు విప్పి, గోడవారన నిలబడ్డాడు. ఎంత చెప్పినా కూర్చోలేదు. తమ్ముడు ఆయన పక్కన నిలబడ్డాడు. సున్నాలతను వచ్చి తమ్ముడి పక్కన నిలబడ్డాడు.

కొన్నాళ్ళకు జైలు గేటులోంచి ఒక కొత్త గార్డు రోడ్డు దాటి వచ్చాడు. కుర్రవాడు. మీసాలు ఇంకా తీరుగా రాలేదు. ఆమె మిషను మీద దుమ్ము తుడుస్తోంది.

"పోలికాయన ఇల్లు ఇదేనా అమ్మా? లోపల మనుషులు కావాలంట, పిలుచుకురమ్మన్నారు."

ఆమె గుడ్డ పక్కన పెట్టింది. ఆయన లేరు బాబూ, పోయారు అని చెప్పింది. కుర్రవాడు టోపీ తీసి, వెళ్ళడానికి తిరిగాడు.

"ఉండు" అంది.

లోపలికి వెళ్ళి పెట్టె దించింది. ఇస్త్రీ మడతలు చెదరకుండా చొక్కాలన్నీ తీసి అతని రెండు చేతుల మీద పేర్చింది. ఆయనది ఒకటి అన్నిటికన్నా అడుగున ఉంది. దాన్ని ఒక్క క్షణం చేత్తో సర్ది, అది కూడా పైన పెట్టింది.

"ముద్దాయికి కూడా ఒకటి ఇవ్వాలి, మర్చిపోకు. నిలబడేవాళ్ళను చెప్పులు విప్పమను" అంది. "ముందు అతని కాళ్ళు చూడు బాబూ. అతనికి చెప్పులు లేకపోతే, ఎవరికీ ఉండకూడదు."